నలభై ఒకటా, నలభై రెండా

చేతికి పట్టీ బిగించి అయిదు నిమిషాలు నెత్తురు ఆపితే, ఎక్కడో దూరాన ఉన్న కాలివేలికి నెత్తురు ఎందుకు ఎక్కువగా పారాలి?

ఈ ప్రశ్నను మైమూనా నలుగురిని అడిగింది. డాక్టరు జయకృష్ణను అడిగితే ఆయన మందుల చీటీ వెనక బొమ్మ గీసి, బాణం గుర్తులు పెట్టి, చివరకు ఆ బొమ్మనే కాసేపు చూసి, "పూర్తిగా ఎవరికీ తెలియదమ్మా" అన్నాడు. ఆయన దగ్గర అధ్యయనం పనులు చూసే నీరజను అడిగితే ఆ పిల్ల, "సార్‌ని అడగండి ఆంటీ" అంది. భర్త దావూద్‌ను అడిగింది. ముప్ఫై ఏళ్ళుగా ట్రాక్టర్ల ఇంజన్లు విప్పి బిగిస్తున్న ఆ మనిషి, గొట్టాన్ని ఒకచోట నొక్కితే ఇంకోచోట ఒత్తిడి పెరుగుతుందని, నొక్కడం మానేశాక ఆ పెరిగింది తగ్గిపోవాలని, తగ్గకపోతే అది గొట్టం కాదని తేల్చి, చేతులు తుడుచుకున్నాడు. ఇక మిగిలింది పక్కింటి మల్లీశ్వరి.

"ఇందులో అర్థం కాకపోటానికేముందే?" అంది మల్లీశ్వరి. "పైన తూము మూస్తే కిందోళ్ళకి నీళ్ళొస్తయి. వంతులేసుకున్నట్టు."

"మూసినప్పుడంటే సరే అక్కా. తెరిచినాక గూడా గంటలకి గంటలు వస్తయంట గదా?"

మల్లీశ్వరి ఆలోచనలో పడింది. ఆమె పుట్టినిల్లూ మెట్టినిల్లూ నాదెండ్ల వైపు, సాగర్ కాలువ నీళ్ళు అందీ అందని కొసన ఉన్న ఊళ్ళే. "తెరిచినాక రావే," అంది నిజాయితీగా. "మా ఊళ్ళో ఎప్పుడూ రాలా."

నలుగురూ నాలుగు రకాలుగా చెప్పారు. ప్రశ్న ఉన్నచోటే ఉంది.

మైమూనాకు యాభై నాలుగేళ్ళు. నరసరావుపేట బరంపేటలో, ఇంటి ముందుగదిలో తొక్కుడు మిషను వేసుకొని జాకెట్లు కుడుతుంది. కరెంటు మోటారు పెట్టిస్తానని దావూద్ పదేళ్ళుగా అంటున్నా ఆమె ఒప్పుకోలేదు. మోటారు తనకు తోచినచోట ఆగుతుంది. కాలు, ఆమె ఆపమన్నచోట ఆగుతుంది. మెడ గుండ్రం తిరిగేచోట సగం కుట్టు దగ్గర సూదిని నిలబెట్టగలిగిన పాదం ఆమెది. ఆ పాదంలోనే, కుడి బొటనవేలి కింద, చెప్పు అట్టలోంచి పొడుచుకొచ్చిన గుండుసూది ఒకటి దిగింది. దిగిన సంగతి ఆమెకు తెలియలేదు. రెండు రోజులు ఆ సూదితోనే నడిచింది. ఆ సూదితోనే ఆరు జాకెట్లు కుట్టింది. మూడోనాడు గచ్చు మీది మరకలు చూసి, ఎవరికి దెబ్బ తగిలిందని దావూద్ అడిగాడు. తనకు తగల్లేదనే ఆమె చెప్పింది.

పదకొండేళ్ళ చక్కెరజబ్బు పాదంలో స్పర్శను ఎప్పుడు తినేసిందో గమనించినవారు లేరు. గుండుసూది గుచ్చుకున్న చోట పుండు పడింది. రెండు నెలలైనా మానలేదు.

వినుకొండ రోడ్డులో ఉన్న ఆ ప్రైవేటు ఆస్పత్రిలో డాక్టరు జయకృష్ణ స్కానింగు చూసి పెద్ద రక్తనాళాలు బాగానే ఉన్నాయన్నాడు. అడ్డంకి సన్న నాళాల్లో ఉంది. వెంట్రుక కంటే సన్నగా ఉండే ఆ గొట్టాల్లోకి కత్తి పోదు, తీగ పోదు. మందులు పోయినా అంతంతమాత్రం. "ఆరు వారాలు చూద్దాం. అప్పటికి పుండు సగానికి తగ్గితే వేలు ఉంటుంది. లేదంటే ఎముకలోకి దిగకముందే తీసేయడం మంచిది," అన్నాడు. మొహమాటం లేకుండా చెప్పినందుకు మైమూనాకు ఆయన మీద గౌరవం కలిగింది. తరువాత, ఇదే జబ్బు మీద ఒక అధ్యయనం జరుగుతోందని, ఇష్టమైతే చేరవచ్చని ఆయన చెప్పాడు. చేతికి రక్తపోటు చూసే పట్టీ లాంటిది కట్టి, అయిదు నిమిషాలు బిగించి, అయిదు నిమిషాలు వదలాలి. అలా రోజూ నాలుగు విడతలు. చేయి కాసేపు నెత్తురందక అల్లాడితే ఆ కబురు ఒళ్ళంతటికీ చేరి, సన్న నాళాలు విచ్చుకుంటాయేమోనని పెద్ద పెద్ద చోట్ల అనుకుంటున్నారు. విచ్చుకుంటాయో లేదో చూడటానికే అధ్యయనం.

మల్లీశ్వరికీ చక్కెరజబ్బే, మడమ మీద పుండు. ఆమెను ఆ ఆస్పత్రికి తీసుకుపోయింది మైమూనాయే కాబట్టి ఇద్దరూ ఒకేరోజు చేరారు.

ఒప్పందపత్రం పదకొండు పేజీలు. మల్లీశ్వరి చివరి పేజీ తీసి సంతకం పెట్టింది. మైమూనా మొదటి పేజీ తీసి చదవసాగింది. నీరజ మూడుసార్లు గడియారం చూసింది.

"ఆంటీ, అందరూ సంతకం పెట్టి ఇచ్చేస్తారు. ఏం లేదు అందులో."

"ఏం లేనిదానికి పదకొండు పేజీలెందుకమ్మా?"

 నాలుగో పేజీలో మైమూనా ఆగింది. పాల్గొనేవారికి వేర్వేరు ఒత్తిడులతో పనిచేసే యంత్రాలు ఇస్తారని, ఎవరికి ఏ యంత్రమో కంప్యూటరు చీటీలు తీసినట్టు, లాటరీ పద్ధతిలో నిర్ణయిస్తుందని, ఆ సంగతి రోగికి గాని, నర్సుకు గాని, డాక్టరుకు గాని తెలియదని అక్కడ ఉంది.

"డాక్టరుకు గూడా తెలవదా?"

"తెలవదు ఆంటీ. తెలిస్తే, బాగా పనిచేసేదనుకున్నది ఇష్టమైనవాళ్ళకి ఇచ్చేస్తారని."

"మరి నీకు?"

"నాకూ తెలవదు."

"మరెవరికి తెలుసు?"

"హైదరాబాదులో కంప్యూటరుకి."

మైమూనా మిగతా ఏడు పేజీలూ చదివి సంతకం పెట్టింది. ఆమె యంత్రం మీద నలభై రెండు అని అంటించి ఉంది. మల్లీశ్వరి దాని మీద నలభై ఒకటి.

మర్నాటినుంచి పొద్దున్నే మల్లీశ్వరి వరండాలో ఇద్దరూ కుర్చీలు వేసుకొని, ఎడమచేతికి పట్టీలు కట్టుకొని, మీట నొక్కి కూర్చునేవారు. నలభై నిమిషాల పని. కూరగాయల బండి వస్తే మల్లీశ్వరి కట్టిన చేయి ఊపలేక కుడిచేత్తో బేరమాడేది. ఇలా నాలుగు రోజులు గడిచాక మైమూనా కళ్ళు పక్కకుర్చీ మీద నిలిచాయి.

"అక్కా, నీ చెయ్యేంది వంకాయలాగ అయింది?"

"పిండేస్తంది గదే. అయిదు నిమిషాలయ్యేసరికి నాకు మా అత్త గుర్తొస్తంది. నీదానికి కాలా?"

"నాది ఊరికే పట్టుకుంటది. పసిపిల్లోడు వేలు పట్టుకున్నట్టు."

ఇద్దరూ ఒకరి చేతిని ఒకరు పరిశీలించారు. మల్లీశ్వరి వేళ్ళు నీలం రంగుకు తిరిగి చల్లబడి ఉన్నాయి. పట్టీ వదిలేయగానే చేయంతా ఎర్రగా, వేడిగా పొంగింది. మైమూనా చేయి ఎప్పటిలాగే ఉంది. ఆమె ఆ రోజంతా కుట్టలేదు. అధ్యయనంలో వేర్వేరు ఒత్తిడుల యంత్రాలుంటాయని ఆమె చదివి ఉంది. చీటీల సంగతీ చదివి ఉంది. అయినా పల్నాటి గడ్డ మీద పుట్టి పెరిగిన మనిషి లాటరీ అనే మాటను ఉత్త లాటరీగా వినలేదు. మల్లీశ్వరి భర్త కోటయ్య ఒకప్పుడు నాదెండ్ల వైపున్న తమ ఊరికి సర్పంచి. ఇప్పటికీ ఆయన ఫోను చేస్తే మండలాఫీసులో కుర్చీలు జరుగుతాయి. మైమూనా ఒకటికి ఒకటి కలిపింది. మూడో వారం దాకా కడుపులో దాచుకొని, ఒక పొద్దున అడిగేసింది.

"అక్కా, బావగారేమన్నా ఆస్పత్రికి ఫోన్ చేశారా?"

"ఎందుకు చేస్తడు?"

"మంచి మిషను మీకు రావాలని."

మల్లీశ్వరి చేతిపట్టీ అప్పుడే బిగుస్తోంది. ఆమె మొహం కూడా దానితోపాటే బిగిసింది. "ఏమే, చెయ్యి తెగిపోయేట్టు పిండేది మంచి మిషనా? అందుకు సిఫార్సు చేయించుకుంటనా నేను?"

"పనిచేసేది అదేనేమో మరి. నాది బొమ్మ."

"లాటరీ అని ఆ పిల్ల చెప్పలా? కంప్యూటరు లాటరీ అని?"

"ఇళ్ళ స్థలాలు ఇచ్చేటప్పుడు గూడా లాటరీయే అన్నారు గదక్కా. అప్పుడు బజారు పక్క స్థలాలు ఎవరికొచ్చినయ్యో మనిద్దరికీ తెలుసు."

ఆ మాట తరువాత మల్లీశ్వరి మాట్లాడలేదు. ఆ రోజూ మాట్లాడలేదు, మర్నాడూ మాట్లాడలేదు. ఆ రెండు పొద్దులూ ఎవరి పట్టీ వారు, ఎవరి ఇంట్లో వారు కట్టుకున్నారు. మూడోనాడు మధ్యాహ్నం ఆమె నలభై ఒకటో నంబరు యంత్రాన్ని చంకలో పెట్టుకొచ్చి, కుట్టుమిషను పలక మీద, సగం కుట్టిన జాకెట్టు చేతి మీద దబ్బున పెట్టింది.

"ఇదిగో. సిఫార్సు మిషను. నువ్వే కట్టుకో. నీది ఇటు తే."

"అట్టా మార్చకూడదక్కా. కాగితంలో ఉంది."

"కాగితంలో లాటరీ అని గూడా ఉంది. దాన్ని నమ్మినవా?"

ఇచ్చిన యంత్రాన్ని ఇతరులకు ఇవ్వరాదని ఏడో పేజీలో ఉంది. మైమూనాకు ఆ వాక్యం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో కూడా గుర్తుంది. చదవనివారు చేసే తప్పు కాదది. చదివిన మనిషి, తెలిసి, పక్కింటి మనిషి మొహం మీద కాదనలేక చేసిన తప్పు. ఆమె నలభై రెండును తెచ్చి ఇచ్చింది. మల్లీశ్వరి దాన్ని చంకలో పెట్టుకొని, గడప దాటాక వెనక్కి తిరిగి, "ఇంకో జాకెట్టు గుడ్డ ఉంది, రేపు తెస్తా," అంది. కోపం పోయిందని చెప్పడానికి ఆమెకు తెలిసిన పద్ధతి అది.

మర్నాడు పొద్దున మైమూనా మొదటిసారి నలభై ఒకటిని కట్టుకొంది. పట్టీ బిగిసింది, ఇంకా బిగిసింది, ఇక ఆగుతుందనుకున్న తరువాత కూడా బిగిసింది. వేళ్ళ కొసలు తెల్లబడి, తరువాత నల్లబడి, తనవి కానట్టు అయిపోయాయి. అయిదో నిమిషం దాటి పట్టీ వదిలినప్పుడు భుజంనుంచి గోళ్ళదాకా వేడి పాకింది. ఆమె కళ్ళు మాత్రం చేతి మీద లేవు. కుడికాలి బొటనవేలి మీద ఉన్నాయి. అక్కడ ఏదో జరగాలి. జరిగిందో లేదో ఆమెకు తెలిసే వీలు లేదు. ఆ వేలు ఆమెకు కబుర్లు చెప్పడం మానేసి చాలాకాలమైంది.

చెప్పని వేలి సంగతి తెలుసుకోవడానికి ఆమెకు ఒకే దారి ఉంది. కొలవడం. ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్న పని అదే. మొదటి రోజునుంచీ ప్రతి ఆదివారం ఆమె టేపుతో పుండును కొలిచి, కుట్టించుకునేవారి ఛాతీలూ భుజాలూ రాసుకునే పుస్తకంలోనే చివరి పేజీలో రాస్తూ వచ్చింది. తొలినాడు పొడవు ఇరవై రెండు మిల్లీమీటర్లు, అడ్డం పదహారు. నలభై రెండుతో మూడు వారాలు గడిచాక పొడవు ఇరవై ఒకటి, అడ్డం అదే పదహారు. నలభై ఒకటి మొదలుపెట్టిన మొదటి ఆదివారం ఇరవైకి పదిహేను. రెండో ఆదివారం పద్దెనిమిదికి పద్నాలుగు. మూడో ఆదివారం పదిహేడుకి పదమూడు.

ఆ అంకెలు చూస్తే ఎవరైనా సంతోషిస్తారు. మైమూనా సంతోషించలేదు, ఎందుకంటే అదే పుస్తకంలో ఆమె మరో రెండు సంగతులు రాసి ఉంది. నలభై ఒకటి కట్టుకున్న మూడోనాడు డాక్టరు పాత బిళ్ళలు ఆపి కొత్త బిళ్ళలు రాశాడు. ఆ తరువాతి వారం, పుండున్న కాలితో తొక్కుతుంటే చూడలేక దావూద్ చెప్పాపెట్టకుండా మిషనుకు మోటారు బిగించాడు. ఆమె వాదించింది, ఓడిపోయింది. ఇప్పుడు పుండు తగ్గుతోంది. పట్టీ వల్లనా, బిళ్ళల వల్లనా, కాలికి విశ్రాంతి దొరకడం వల్లనా? మూడింటినీ ఒకే గుడ్డలో కలిపి కుట్టేశాక ఏ దారం ఏదో ఎవరు విప్పి చెబుతారు?

దీనికి తోడు మల్లీశ్వరి మడమ. నలభై ఒకటితో మూడు వారాల్లో ఆమె పుండు సగమైంది. పసిపిల్లవాడి పట్టులాంటి నలభై రెండుకు మారాక ఆ మిగిలిన సగమూ మానిపోయింది.

"చూశావా? నీ బొమ్మే పనిచేసింది," అంది మల్లీశ్వరి, మడమ ఎత్తి చూపిస్తూ.

"నీకు ముందునుంచీ పనిచేసింది ఆ గట్టిదేమో అక్కా. దాని ఊపులోనే మిగతాది మానిందేమో."

"ఏమో. అది గట్టిదో, నేను గట్టిదాన్నో."

ఆరో వారం మంగళవారం నాడు ఇద్దరూ యంత్రాలు తీసుకొని ఆస్పత్రికి వెళ్ళారు. వెళ్ళేముందు ఎవరి యంత్రం వారు తిరిగి తీసుకున్నారు, నంబర్లు సరిపోవాలని. నీరజ మైమూనా కుడికాలి బొటనవేలికి ఎర్రటి వెలుతురు వచ్చే క్లిప్పు తగిలించింది. అది చర్మం కింద సన్న నాళాల్లో నెత్తురు కదలికను అంకెగా చూపిస్తుంది. తొలిరోజు పద్దెనిమిది. మూడో వారం పంతొమ్మిది. ఇప్పుడు ఇరవై ఏడు.

"పెరిగింది ఆంటీ!" అంది నీరజ, నిజంగానే సంతోషపడుతూ. ఆ సంతోషం యంత్రాల జ్ఞాపకాన్ని కంప్యూటరులోకి ఎక్కించేదాకానే ఉంది. పట్టీ బిగించేముందు ప్రతిసారీ ఆ యంత్రం మనిషి రక్తపోటును కొలిచి దాచుకుంటుందన్న సంగతి పదకొండు పేజీలలో ఎక్కడా లేదు. నలభై ఒకటిలో మూడు వారాలపాటు నూట అరవై దగ్గర ఉన్న రక్తపోటు, ఒకానొక రోజునుంచి నూట ఇరవైకి దిగి అక్కడే ఉండిపోయింది. నలభై రెండులో సరిగ్గా అదే రోజునుంచి నూట ఇరవై కాస్తా నూట అరవైకి ఎక్కింది.

నీరజ తెరవైపు చూసింది, తరువాత ఇద్దరివైపూ చూసింది.

"మిషన్లు మార్చుకున్నారా?"

"మార్చుకున్నాం," అంది మైమూనా. అబద్ధం చెప్పడం ఆమెకు చేతకాదు.

"నేనే మార్పించినా," అంది మల్లీశ్వరి. "దాన్నేమీ అనబాక."

నీరజ మొహం తెల్లబోయింది. ఆమె అరవలేదు, అరిచి ఉంటే బాగుండేది. లేచి వెళ్ళి డాక్టరును వెంటబెట్టుకొచ్చింది. జయకృష్ణ కుర్చీలో కూర్చొని, కళ్ళజోడు తీసి, చాలా మర్యాదగా, ఇద్దరి వివరాలూ అధ్యయనంలోంచి తొలగించవలసి ఉంటుందని చెప్పాడు. యంత్రాలు ఇచ్చేయాలి. విరమిస్తున్నట్టు కాగితం మీద సంతకం పెట్టాలి.

"మా వివరాలు తీసేస్తారు, సరే," అంది మైమూనా. "నా వేలు?"

ఆయన పుండును కొలిచాడు. పొడవు పదిహేడు, అడ్డం పదమూడు; ఆమె పుస్తకంలో ఉన్నదే. "సగానికి తగ్గాలన్నాం. నూటికి ముప్ఫై ఏడు పాళ్ళు తగ్గింది," అన్నాడు. "అటూ ఇటూ కాకుండా ఉందమ్మా. శుక్రవారం థియేటరు ఖాళీ ఉంది. తీసేస్తే పాదానికి భయం ఉండదు. ఇంకో రెండు వారాలు ఆగొచ్చు, కానీ ఆగినప్పుడు ఎముకలోకి దిగితే పోయేది వేలొక్కటే కాదు."

"మీరైతే ఏం చేస్తారు సార్?"

"ఈ తగ్గింది దేనివల్లో తెలిస్తే చెప్పేవాడిని. నలభై ఒకటి పనిచేసే యంత్రమైతే, దాంతోనే తగ్గిందనుకొని, దాన్నే కొనసాగించి, రెండు వారాలు ఆగమనేవాడిని. బిళ్ళల వల్ల వచ్చిన మెరుగైతే అది ఇప్పటికే అయిపోయింది. ఇక తగ్గదు. అప్పుడు ఆగడం తప్పు."

"గట్టిగా పిండేది నలభై ఒకటే గదా సార్. అదే పనిచేసేది గదా?"

"అది ఎవరికి తెలుసు?" అన్నాడు జయకృష్ణ. "గట్టిదే మంచిదని మనం అనుకుంటున్నాం. మధ్యరకం ఒత్తిడి చాలేమో, గట్టిది అనవసరమేమో, అసలు రెండూ పనిచేయవేమో. ఏ నంబరు ఎంత ఒత్తిడిదో, ఇప్పటిదాకా ఎవరికి మేలు జరిగిందో హైదరాబాదు వాళ్ళ దగ్గర ఉంటుంది."

మైమూనా కొలతల పుస్తకం చివరి పేజీ తెరిచి ఆయన ముందు పెట్టింది. ఏ తేదీన ఏ యంత్రం, ఎన్ని విడతలు, ఏ రోజు బిళ్ళలు మారాయి, ఏ రోజు మోటారు వచ్చింది, ప్రతి ఆదివారం ఎంత పొడవు, ఎంత అడ్డం. అన్నీ వరసగా ఉన్నాయి. డాక్టరు చదివాడు. ఆయన మొహంలో మెచ్చుకోలు కనిపించింది. దాన్ని ఆయన దాచుకోలేకపోయాడు.

"ఇంత శుభ్రంగా మావాళ్ళు కూడా రాయరమ్మా."

"మరి లెక్కలోకి తీసుకోండి."

"తీసుకోకూడదు. మార్చుకున్నారు కాబట్టి."

"సరే, తీసుకోవద్దు. ఆ రెండు నంబర్లూ ఏందో అడిగి చెప్పండి. తప్పు మాదే. కానీ ఎవరు ఏరోజు ఏది కట్టుకున్నారో ఇందులో ఉంది. మీరు ఒక్క మాట చెబితే మిగతాది నేనే తేల్చుకుంటా."

అక్కడ డాక్టరు తడబడ్డాడు. ఏ నంబరు ఏదో దాచిపెట్టిన ఆ తాళం తెరవడానికి నియమం ఉంది: రోగి ప్రాణానికి ముప్పు ఉండి, ఆ సంగతి తెలిస్తేనే వైద్యం సాగుతుందన్నప్పుడు తెరుస్తారు. వేలు ప్రాణం కిందికి రాదు. అయినా ఆయన ఆమె ముందే కూర్చొని హైదరాబాదుకు మెయిల్ రాశాడు. ఏడు పనిదినాలలోగా జవాబిస్తామని క్షణంలో అక్కడి కంప్యూటరే జవాబిచ్చింది. శుక్రవారం మూడు రోజుల్లో ఉంది.

యంత్రాలు చంకల్లోనే పెట్టుకొని బయటికి వచ్చాక మల్లీశ్వరి ఫోను తీసింది. మైమూనా ఆపలేదు. ఆపవలసిందేమోనని తరువాత అనుకుంది. అప్పుడు మాత్రం కాలు గుర్తొచ్చి నోరు మూసుకుంది. కోటయ్య ఆ సాయంత్రం ఆస్పత్రి యజమానికి ఫోను చేశాడు. ఆయన, అది తమ చేతిలో లేదన్నాడు. బుధవారం ఒక పెద్ద నాయకుడి దగ్గర పనిచేసేవాడికి చేశాడు. ఆ మనిషి హైదరాబాదులో ఇద్దరికి చేశాడు. ఆ ఇద్దరిలో ఒకరు, ఆ నంబర్ల పట్టిక ఉన్న కంప్యూటరు ఇంకో దేశంలో ఉందని, దాన్ని తెరిచే అధికారం ఇక్కడ ఎవరికీ లేదని కనుక్కొని చెప్పారు. గురువారం పొద్దున కోటయ్యే స్వయంగా మైమూనా ముందుగదిలోకి వచ్చి, కుట్టుమిషను పక్కనున్న స్టూలు మీద కూర్చున్నాడు.

"అమ్మాయ్, నలభై ఏళ్ళలో నా ఫోనుకి పని కాకపోటం ఇదే మొదలు," అన్నాడు. ఆయన గొంతులో అవమానం కంటే ఆశ్చర్యం ఎక్కువగా ఉంది. "దానికి పార్టీ లేదు, కులం లేదు, ఎవడి మాటా వినదు. ఏంది ఇది?"

అప్పుడు మైమూనాకు తెలిసింది, అది నిజంగానే లాటరీ అని. ఎవరూ సిఫార్సు చేయలేదు. మల్లీశ్వరి చెప్పింది నిజం, నీరజ చెప్పింది నిజం, నాలుగో పేజీలో రాసింది నిజం. ఆమె జీవితంలో మొదటిసారి, ఎవరి చేయీ పడని చీటీ ఒకటి ఆమె పేరున వచ్చింది. నమ్మలేక దాన్ని ఆమె చేజేతులా పక్కింటి చీటీతో మార్చుకుంది. ఇది తెలిసినందుకు సంతోషించాలో ఏడవాలో ఆమెకు తేలలేదు. అంత నిజాయితీగా మూసిన తాళం ఆమె వేలిని నిలబెట్టడానికి ఎందుకూ కొరగాలేదు. దొంగ లాటరీ అయితే ఈపాటికి ఎవరో ఒకరు తెరిచేవారు.

"మిషను ఇచ్చేయబాకు," అంది మల్లీశ్వరి, గుమ్మంలో నిలబడి. "నలభై ఒకటి నా పేరునే గదా ఉంది. నేనివ్వను. వచ్చి తీసుకోమను."

"ఏది ఇయ్యకూడదో తెలిస్తే గదక్కా. నీకు నలభై రెండు మేలు చేసింది. నాకు నలభై ఒకటి మేలు చేసినట్టుంది. రెండూ చెయ్యలేదేమో గూడా."

దావూద్ అంతసేపూ మోటారు బెల్టు బిగువు చూస్తున్నట్టు నటిస్తున్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు. "వేలు తీయించుకుందామా?"

 మైమూనా రేకుల అల్మరాలోంచి కొలతల పుస్తకం తీసి చివరి పేజీని మొదటినుంచి చదివింది. అంకెలు ఎప్పటివే. ఏ ఒక్క అంకె పక్కనా కారణం రాసి లేదు. కారణం ఆమె రాయలేదు కాబట్టి కాదు. అది రాయగలిగినవాడు ఇంకో దేశంలో ఉన్నాడు కాబట్టి.

గురువారం సాయంత్రం ఆమె ఒక్కతే ఆస్పత్రికి వెళ్ళింది. జయకృష్ణ గది ఖాళీ అయ్యేదాకా కూర్చొని, లోపలికి పిలిచాక నిలబడే మాట్లాడింది.

"రేపు వద్దు సార్. పద్నాలుగు రోజులు ఆగుతా."

"ఎముకలోకి దిగితే..."

"దిగితే పాదం. అది మీరు చెప్పారు, నేను విన్నా. ఆగమని నాకేమీ తెలిసి కాదు ఈ ఆగటం. తీయమని మీకు గూడా ఏమీ తెలియలేదు గనక. తెలిసి తీస్తే నేను పడుకుంటా. తెలవక తీయటానికి వేలు ఎక్కడికీ పోదు, పద్నాలుగు రోజుల తర్వాత గూడా నా దగ్గరే ఉంటది."

 డాక్టరు డ్రాయరు తెరిచి, ఏ అధ్యయనానికీ సంబంధంలేని మామూలు రక్తపోటు యంత్రం, చేత్తో గాలి కొట్టేది, బల్ల మీద పెట్టి, ఎంతదాకా బిగించాలో, ఎన్ని నిమిషాలు ఉంచాలో, పొరపాటున కూడా ఎంత దాటకూడదో కాగితం మీద రాసి ఇచ్చాడు. ఇది పనిచేస్తుందని తాను చెప్పడం లేదని, హాని చేయదని మాత్రమే చెబుతున్నానని రెండుసార్లు అన్నాడు. రెండురోజులకొకసారి వచ్చి చూపించుకొమ్మన్నాడు. ఆమె ఆ కాగితాన్ని అక్కడే నిలబడి, అడుగునుంచి మొదటిదాకా, మొదటినుంచి అడుగుదాకా చదివింది. విరమణ కాగితాన్ని నీరజ ముందుకు జరిపితే, రెండు నంబర్ల వివరం తనకు చెప్పేవరకు సంతకం చేయనని దాని మీదనే, సంతకం ఉండవలసిన గీత పైన, గుండ్రటి అక్షరాలతో రాసి ఇచ్చింది.

"ఇట్ల రాస్తే తీసుకోరు ఆంటీ," అంది నీరజ నీరసంగా.

"తీసుకోకపోతే నేను ఇంకా మీ అధ్యయనంలో ఉన్నట్టే గదమ్మా."

పద్నాలుగు రోజులు శుక్రవారంనుంచి మొదలవుతాయి. బరంపేటలో ఒక ముందుగదిలో, ఒక స్త్రీ రోజూ నాలుగుసార్లు తన చేతికి తానే పట్టీ బిగించుకొని, నీలంగా మారే వేళ్ళను వదిలేసి, ఏమీ చెప్పని ఒక వేలివైపు చూస్తూ ఉంటుంది. ఆమె తప్పు చేసింది, ఒప్పుకుంది, ఏ రోజు ఏం చేసిందో మిల్లీమీటర్లతో సహా రాసి పెట్టింది. ఇక రాయవలసిన ఒక్క మాట ఆమె దగ్గర లేదు, మీ దగ్గర ఉంది. ఆ పట్టిక ఏ దేశంలో ఉన్నా, ఏ తాళం వెనక ఉన్నా, దాన్ని తెరవగల అధికారం ఉండి ఈ వాక్యం చదువుతున్న మీరు, నియమం వెనక నిలబడకండి. నలభై ఒకటి ఎంత ఒత్తిడిదో, నలభై రెండు ఎంతో, ఏది ఎవరి నెత్తురును కదిలించిందో, పద్నాలుగో రోజు పొద్దున తొమ్మిది గంటలలోగా ఆమెకు చెప్పండి.